గడప బయటి జోళ్ళు

ఆ మెట్టు మీద ఎండ నిలిచేది కాసేపే. ఎదురింటి చూరు దాటి వచ్చి, రాతి మీద పెట్టి ఉన్న జోళ్ళ మీద పడి, మడమల దగ్గరి ముడతల్లో కొంచెం తచ్చాడి, అక్కణ్ణించి తలుపు మీదికి పాకిపోతుంది. అందుకే బెద్రి ఫోటోలు తీయడం నేర్చుకోవడానికి తన వెంట వచ్చిన ఆరుగురినీ ముందుగానే తెచ్చి సందులో సిద్ధంగా ఉంచాడు.

"నిలబడి తీస్తే జోళ్ళు మాత్రమే వస్తాయి. మోకాళ్ళ మీద కూర్చుంటే ఇల్లు కూడా వస్తుంది," అన్నాడు.

"నా మోకాళ్ళు అంకారాలోనే వదిలేసి వచ్చాను మాస్టారూ," అంది గుల్తెన్. పళ్ళ డాక్టరుగా రిటైరైన మనిషి. అన్నదే గానీ, చలికోటు మడిచి తడి రాళ్ళ మీద పరుచుకుని, దాని మీద మోకరిల్లింది.

నల్ల తోలు జోళ్ళు అవి. రిఫత్ ఉస్తా తన కాళ్ళకు తానే కుట్టుకున్నవి. సఫ్రాన్‌బోలు చెప్పుల బజారులో ద్రాక్ష పందిరి కింద చివరిదాకా సూది వదలకుండా కూర్చున్న కొద్దిమందిలో ఆయనొకడు. ఆయన్ని ఖననానికి తీసుకెళ్ళిన సాయంత్రం భార్య నాజియే ఆ జోళ్ళు తుడిచి, ముక్కులు వీధివైపు తిప్పి, గడప బయట పెట్టింది. పోయినవాళ్ళ జోళ్ళు అలా పెట్టడం ఉన్నదే. అవసరమున్నవాడెవడో దారిన పోతూ తొడుక్కుని వెళ్ళిపోతాడు. మామూలుగా మర్నాటికే మాయమవుతాయి. ఇవి మాత్రం కుంకుమపువ్వు కోతలు మొదలై, అయిపోయి, వానలు పట్టినా కదల్లేదు.

ఎందుకు కదల్లేదో బెద్రికి తెలుసు. ఆ మర్నాడు పొద్దున ఆ దారిన వస్తూ వాటిని ఫోటో తీసింది తనే. 'వెళ్ళినవాడు' అని పేరు పెట్టి తన పేజీలో పెట్టాడు. అది ఫోను నుంచి ఫోనుకి పాకింది. ఇప్పుడు ఊరికి వచ్చినవాళ్ళు గడియారం బురుజు, హమామ్ స్నానశాల గుమ్మటాలు చూడగానే అడిగే మూడో మాట, "ఆ జోళ్ళెక్కడ?" అనే. నాజియే ఇంటికి ఎదురుగా బసగృహం నడిపే సెయ్ఫీ ఇంకో అడుగు ముందుకేసి, జోళ్ళ పక్కన ఎర్ర జెరేనియం పూల కుండీ తెచ్చి పెట్టాడు. వానొస్తే పైన ప్లాస్టిక్ పట్టా కప్పుతాడు. చీకటి పడితే వాటి మీదికి దీపం వేస్తాడు.

ఎండ జోళ్ళ ముక్కుల్ని తాకింది. ఆరు కెమెరాలు టకటకలాడాయి. బెద్రి కూడా ఒక కన్ను మూసి తన కెమెరాలోకి వంగాడు. సరిగ్గా అప్పుడే కుడివైపు నుంచి ఒక మనిషి అడ్డం వచ్చాడు.

"అన్నా, ఒక్క నిమిషం. కాస్త పక్కకి జరుగు, ఎండ పోతోంది," అన్నాడు బెద్రి, కన్ను తీయకుండానే.

ఆ మనిషి జరగలేదు. వంగి ఉన్నాడు. జోళ్ళు అప్పటికే అతని చేతిలో ఉన్నాయి.

"ఏయ్! పెట్టు, పెట్టు అక్కడ!" సెయ్ఫీ తన గుమ్మంలోంచి చీపురుతో సహా ఊడిపడ్డాడు. "నీ అబ్బ సొమ్మనుకున్నావా? ఫోటోలకి అవి! ఎక్కడెక్కడి నుంచో పెద్దమనుషులు వస్తే ఎత్తుకుపోతావా?"

ఆ మనిషి తలెత్తి చూశాడు. నడివయసు దాటింది. బట్టల నిండా సున్నం. పైన పాత హవేలీ బాగుచేస్తున్న కూలీల్లో ఒకడు. అతని ఎదురుగా వరసగా ఆరు గాజు కళ్ళు, వాటి వెనక బెద్రిది ఏడోది.

"ఇంకా ఎవరూ తీసుకోలేదేమో అనుకున్నాను," అన్నాడతను మెల్లగా.

జోళ్ళు మళ్ళీ మెట్టు మీద పెట్టాడు. ఒకటి కొంచెం వంకరగా పడింది. దాన్ని సరిచేసి, రెండు ముక్కులూ వీధివైపు ఉన్నాయని చూసుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. పై కిటికీలో లేసు తెర కదిలింది.

"పాపం," అంది గుల్తెన్.

"నా ఫోటోలో అతని చెయ్యి పడింది, భలే వచ్చింది," అన్నాడు ఎస్కిషెహిర్ నుంచి వచ్చిన ఒనుర్ అనే కుర్రాడు, కెమెరా వెనక తెర చూసుకుంటూ.

ఎండ తలుపు మీదికి వెళ్ళిపోయింది.

సాయంత్రం బెద్రి తన ఫోటో దుకాణం షట్టరు సగం దించి ఆ పొద్దుటి ఫోటోలు తెర మీద వేసుకున్నాడు. తనకీ ఆ చెయ్యి పడింది. పెద్దది చేసి చూశాడు. గోళ్ళలో సున్నం, బొటనవేలి మీద పాత గాటు. ఆ వేళ్ళు జోళ్ళని పట్టుకున్న తీరు, గూట్లోంచి పక్షిపిల్లను తీసేవాడి చెయ్యిలా ఉంది. ఫోటో అంచున అతని సొంత బూటు కూడా పడింది. ఊడిన అట్టని రాగితీగతో పైతోలుకి కలిపి కట్టుకున్నాడు. అన్నీ సూదిమొనలా స్పష్టంగా వచ్చాయి. తను తీసినవాటిలో ఇదొక మంచి ఫోటో అని బెద్రికి తెలుస్తూనే ఉంది.

అది తెలియడం వల్లే దాన్ని చెరిపేశాడు. తర్వాత తన పేజీలోంచి 'వెళ్ళినవాడు' కూడా తీసేశాడు. తీసేసి, ఊరి పేరు కొట్టి వెతికాడు. అదే ఫోటో వరసగా కనిపించింది. ఒకచోట పెళ్ళి హాలు ప్రకటన మీద, ఇంకోచోట ఎవరిదో కవిత్వం కింద, సెయ్ఫీ బసగృహం పేజీలో అన్నిటికన్నా పైన.

ఊరి కొత్త పేటలోని తన అపార్ట్‌మెంటుకి వెళ్ళి, తలుపు తీసి, అలవాటుగా జోళ్ళ బీరువాలో తన బూట్లు పెట్టాడు. పక్కనే అమ్మ గోధుమరంగు జోళ్ళు. పోయిన చలికాలం నుంచీ అక్కడే ఉన్నాయి. వాటికి తగలకుండా తన బూట్లు ఒక పక్కకి జరిపాడు. రోజూ అలాగే జరుపుతాడు.

మర్నాడు గుంపుని హమామ్ దగ్గర వాళ్ళ ఇష్టానికి వదిలేసి నాజియే తలుపు తట్టాడు. ఆమె తీసింది. తెల్లటి ముసుగు, ముంజేతుల పైకి మడిచిన అంగీ చేతులు. అతని మెడలోని కెమెరా వైపు చూసింది. బెద్రి దాన్ని సంచిలో పెట్టి, బూట్లు విప్పి మెట్టు మీద ఉంచబోయాడు.

"అక్కడ వద్దు నాయనా, లోపల పెట్టుకో," అంది నాజియే. "ఫోటోలో పడతాయి."

ఆ మాట మెత్తగానే అంది. బెద్రి బూట్లు చంకలో పెట్టుకుని, దొంగలా లోపలికి నడిచాడు.

కిటికీ పక్కన పొడవాటి బల్లసోఫా. ఆమె టీ తెచ్చి పెట్టి, తను ఆపిల్‌లాంటి సీమదానిమ్మ పండొకటి తీసుకుని చెక్కు తీయడం మొదలెట్టింది. చెక్కు ఎక్కడా తెగకుండా చుట్టలుగా ఒళ్ళోకి దిగుతోంది.

"పెద్దమ్మా, నిన్న జరిగింది..."

"చూశాను."

"నేను అతను ఎందుకు వంగాడో చూడలేదు. ఎవరో అడ్డం వచ్చారనుకున్నాను."

"నువ్వు చూసేది ఆ గాజులోంచే కదా. అందులో మనుషులు అడ్డమే అవుతారు." ఆమె కత్తి ఆపలేదు. "మీ అమ్మ చేతి టర్‌షీ ఊరగాయ తిన్న ఇల్లిది. అందుకని తలుపు తీశాను. లేకపోతే తీసేదాన్ని కాదు."

కింద సందులోంచి నవ్వులు, ఆ వెనకే టకటకమన్న చప్పుడు. ఎవరో జోళ్ళ దగ్గర ఆగారు. నాజియే ఆ చప్పుడు అయ్యేదాకా ఆగి, తర్వాత చెప్పింది.

"బజారుకెళ్ళి వస్తానా? మలుపు తిరగ్గానే ముందు కనిపించేవి అవే. జోళ్ళు బయటున్నాయంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే కదా. యాభై ఏళ్ళ అలవాటు. వచ్చేశాడనుకుంటాను. పొయ్యి రాజెయ్యాలి అనుకుంటాను. తాళం తిప్పి, ఆ చీకటి చూసేదాకా అలానే అనుకుంటాను. రోజూ ఇదే. నాకింక ఓపిక లేదు నాయనా. అవి వెళ్ళిపోవాలి."

"నేను తీసుకెళ్ళి ఆ మనిషికి ఇస్తాను. ఎక్కడ పని చేస్తాడో తెలుసు."

"చేతికి ఇస్తే దానమైపోతుంది. పుచ్చుకునేవాడు తల వంచాలి, నీకు దణ్ణం పెట్టాలి, రేపు బజార్లో నువ్వు కనిపిస్తే మళ్ళీ పెట్టాలి. గడప బయట పెట్టేది ఎందుకు? ఎవరూ ఇవ్వరు. ఎవరూ చూడరు. తొడుక్కుని పోతాడు, అంతే. ఆయన కుట్టిన జోళ్ళకి ఒకడు తల వంచడం ఆయనకిష్టముండదు."

"పోనీ లోపలికి తీసుకుని, ఇంకో సందులో..."

"బయట పెట్టినవి లోపలికి తెస్తారా ఎవరైనా? ఈ మెట్టు దిగే ఆయన రోజూ దుకాణానికి పోయేవాడు. ఈ మెట్టు దిగే పోవాలి." పండు రెండుగా కోసి సగం అతని ముందు పెట్టింది. "మీ అమ్మవి ఏం చేశావు? పెట్టావా?"

బెద్రి టీ గ్లాసులో చెంచా తిప్పాడు. "అపార్ట్‌మెంటు కదా పెద్దమ్మా. అక్కడ ఎవరు పెడతారు."

నాజియే ఒళ్ళోని చెక్కు తీసి పళ్ళెంలో వేసి, కిటికీ వైపు తల తిప్పుకుంది.

బయటికి వచ్చి సెయ్ఫీని పట్టుకున్నాడు. సెయ్ఫీ కుండీకి నీళ్ళు పోస్తున్నాడు.

"అది తీసెయ్ సెయ్ఫీ. దీపం కూడా ఆర్పెయ్. ఆ ముసలావిడ బాధపడుతోంది."

"ఏంటి తీసేది? ఈ సందుకి కుక్క కూడా వచ్చేది కాదు బెద్రీ. ఇప్పుడు చూడు. నువ్వు తీసిన బొమ్మేగా! నీకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి నేను."

"వద్దు. అవి ఎవడికో కాళ్ళకి పనికొచ్చేవి."

"ఆ సున్నపోడికా? వాడికి మా నాన్న పాత బూట్లు ఇస్తాలే. బంగారంలాంటివి. ఇవి మాత్రం ఊరి ఆస్తి." చెంబు కింద పెట్టి మీసం దువ్వుకున్నాడు. "అయినా నన్నెప్పుడైనా తీశావా నువ్వు? రాయిని తీస్తావు, రప్పని తీస్తావు, తలుపు గొళ్ళేన్ని తీస్తావు. ఈ మొహం ఏం పాపం చేసింది?"

బెద్రి అక్కణ్ణించి నడిచాడు. ఆ జోళ్ళని ఊరి ఆస్తి చేసింది తనే.

శనివారం రోజంతా వాన. కూలీలు మధ్యాహ్నం రొట్టెల బట్టీకి వచ్చిపోయే వేళ బెద్రి ఆ మూలన నిలబడ్డాడు. బట్టీ నుంచి పై హవేలీకి రెండు దారులు. నాజియే ఇంటి ముందు నుంచి పోయే సందు ఒకటి, అది చుట్టూ తిరిగినా సమంగా ఉంటుంది. రెండోది నిటారైన రాతిమెట్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకోవాలి. తక్కిన కూలీలు రొట్టెలు చంకన పెట్టుకుని సందులోంచే వెళ్ళారు. జోళ్ళు ఎత్తిన ఆ మనిషొక్కడే వెనకబడి మెట్ల వైపు తిరిగాడు. బూట్ల లోపల ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు. వాటి అంచులు చీలమండల దగ్గర బయటికి వచ్చి అడుగు వేసినప్పుడల్లా గరగరలాడుతున్నాయి.

పిలుద్దామని బెద్రి నోరు తెరిచాడు. అతను తలతిప్పి చూశాడు. బెద్రిని కాదు, అతని మెడలోని కెమెరాని. చూసి, మొహం గోడవైపు తిప్పుకుని, తడి మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోయాడు.

ఆ గరగర వినపడకుండా పోయేదాకా బెద్రి వానలోనే నిలబడ్డాడు. తనకి ఇంత వయసొచ్చి, తన్ను చూసి ఒక మనిషి అలా మొహం తిప్పుకోవడం ఇదే మొదలు. కెమెరా ఉన్న దారిన ఈ మనిషి రాడు, అనుకున్నాడు. మరి కెమెరా లేని దారి అంటూ ఒకటుంటే?

ఆదివారం వాన వెలిసింది. చలికాలం ముదిరేలోగా కప్పు పూర్తి చెయ్యాలని కూలీలకి ఆదివారం కూడా పనే. వాళ్ళు బట్టీకి వచ్చే వేళకి బెద్రి తన గుంపుని సందుకి కాక మెట్ల దారికి నడిపించాడు. మెట్ల నడుమ, ఒక గచ్చు ఊడిన గోడ ముందు, మూడు కాళ్ళ స్టాండ్లన్నీ అడ్డంగా వేయించాడు. చీమ దూరే సందు లేకుండా పోయింది.

"ఇదేంటి మాస్టారూ?" అంది గుల్తెన్.

"గోడ."

"గోడని తెలుస్తోంది. దీన్లో ఏముంది?"

"వెలుతురు వస్తుంది. కంగారు పడకండి. ఒక్కటే మాట, ఎవరూ వెనక్కి తిరగొద్దు. ఒకసారి కన్ను తిప్పితే పోతుంది."

తన జీవితంలో ఇంత అబద్ధం ఇంత గంభీరంగా చెప్పడం బెద్రికి ఇదే మొదలు. తర్వాత దిగి వెళ్ళి సెయ్ఫీ తలుపు కొట్టాడు.

"రా, నీ మొహం తీస్తాను."

సెయ్ఫీ చీపురు పారేసి లోపలికి పరిగెత్తాడు. వచ్చేసరికి మీసానికి నూనె, తల మీద పెళ్ళినాటి టోపీ, నడుముకి ఎర్ర పట్టీ. "ఎడమవైపు నుంచి తియ్యి. ఎడమవైపు మా తాతలా ఉంటాను."

అతన్ని ఆ గోడకి ఆనించి, మొహం కొండవైపు తిప్పి నిలబెట్టాడు. బెద్రి ఒకసారి కింద సందు వైపు చూశాడు. ఒక్క మనిషి లేడు. నాజియే కిటికీలో తెర వేసి ఉంది. మెట్టు మీద జోళ్ళు. అంతే చూసి, తనూ గోడవైపు తిరిగాడు.

"గడ్డం పైకి సెయ్ఫీ. ఊపిరి బిగబట్టకు, నీలంగా అవుతున్నావు."

గుంపు నవ్వింది. బట్టీ వైపు నుంచి కూలీల మాటలు వినిపించాయి. సందులోంచి దూరమై పోయాయి. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మెట్ల మొదట్లో అడుగుల చప్పుడు. ఒకటి, ఇంకొకటి, గరగర. చప్పుడు ఆగింది.

"ఎవరో వస్తున్నారు, దారి ఇద్దామా?" అన్నాడు ఒనుర్.

"కదలకు. వెలుతురు వచ్చేస్తోంది."

ఆ మనిషి కింద నిలబడి ఏడుగురి వీపులు చూస్తున్నాడు. వెనక్కి తిరగాలన్న కోరిక బెద్రిని దాహంలా పట్టుకుంది. ఇన్నేళ్ళూ తను బతికింది తిరిగి చూడడం వల్లనే. కెమెరాని రెండు చేతులా గట్టిగా పట్టుకుని సెయ్ఫీ మీసం మీద చూపు నిలిపాడు.

గరగర మళ్ళీ మొదలైంది. దగ్గరవలేదు. సందు వైపు తిరిగింది, సన్నగిల్లింది. ఒకచోట నిలిచింది. రాయి మీద మట్టికుండీ జరిగినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత అడుగులు వెళ్ళిపోయాయి. ఈసారి గరగర లేదు. తోలు అట్ట రాతిని తాకే మెత్తని చప్పుడు మాత్రం. ఆ చప్పుడు చిన్నప్పుడు చెప్పుల బజారంతా ఉండేది.

అప్పుడే మబ్బు విడి, ఎక్కణ్ణించి వచ్చిందో గానీ, సెయ్ఫీ మొహం మీదా, గచ్చు ఊడిన ఇటుకల మీదా ఎండ పడింది. బెద్రి మీట నొక్కాడు. అది నిజంగానే మంచి ఫోటో అయింది.

"చెప్పానుగా వస్తుందని," అన్నాడు.

అందరూ సందులోకి దిగారు. ముందు నడుస్తున్న గుల్తెన్ ఆగిపోయింది. "అయ్యో! జోళ్ళేవీ?"

మెట్టు ఖాళీగా ఉంది. జెరేనియం కుండీ సెయ్ఫీ గుమ్మం పక్కన, గోడకి ఆనించి, పడిపోకుండా కింద చిన్న రాయి పెట్టి ఉంది.

"దొంగతనం!" సెయ్ఫీ టోపీ ఊడదీసి అరిచాడు. "పట్టపగలు! ఆ సున్నపోడే! వాణ్ణి..."

తలుపు తెరుచుకుంది. నాజియే చేతిలో నీళ్ళ బకెట్టు, గడ్డిచీపురు.

"ఎవడ్రా దొంగ? గడప నాది. పెట్టింది నేను. వాడికి కావాలి, పట్టుకుపోయాడు. నీదేం పోయింది? పువ్వుల కుండీ పోయిందా? అదుగో, నీ గుమ్మంలో ఉంది. ఆ ఎర్ర పట్టీ ఏమిట్రా, సున్తీ వేడుకకి ముస్తాబైన పిల్లాడిలా!"

సెయ్ఫీ పట్టీ విప్పుకుంటూ లోపలికి పోయాడు. నాజియే మెట్టు మీద నీళ్ళు కుమ్మరించి వంగి కడగసాగింది. జోళ్ళు ఇన్నాళ్ళు ఉన్నచోట రెండు పాలిపోయిన మచ్చలు కనిపించాయి. వాటిని చీపురుతో గట్టిగా రుద్దింది. ఒనుర్ కెమెరా పైకెత్తాడు. బెద్రి అతని గాజు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది వద్దు."

గుల్తెన్ తన కెమెరాకి మూత పెట్టేసుకుంది. తక్కినవాళ్ళని వెంటబెట్టుకుని బజారువైపు నడిచింది. బెద్రి ఉండిపోయాడు.

"నువ్వేమైనా చూశావా?" అంది నాజియే తలెత్తకుండా.

"లేదు పెద్దమ్మా. గోడ చూస్తున్నాను."

"నేనూ చూడలేదు. తెర లాగేసి అటు తిరిగి కూర్చున్నా." నడుం పట్టుకుని లేచింది. ఆమె మొహం తడిగా ఉంది. చిందిన నీళ్ళో, ఏమో. "వెళ్ళు నాయనా. నీ వాళ్ళు ఎదురు చూస్తారు."

టీకి పిలవలేదు. తన కాలి రబ్బరు జోళ్ళు విప్పి, మెట్టుకి సరిగ్గా నడిమధ్యన పెట్టింది. పక్కన ఇంకో జతకి చోటు వదలలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

సాయంత్రం గుంపుని బస్సెక్కించి బెద్రి ఇంటికి వచ్చాడు. మెట్ల మీద ప్రతి తలుపు ముందూ జోళ్ళ గుట్టలు, చిన్నపిల్లల బురద బూట్లు, ఎవరో అతిథులవి ఎత్తు మడమల చెప్పులు. అతని తలుపు ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా ఒక్కటే.

జోళ్ళ బీరువా తెరిచాడు. ఈసారి తన బూట్లు జరపలేదు. అమ్మ జోళ్ళు బయటికి తీసి, కెమెరా కటకాలు తుడిచే మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచాడు. కుడిదాని లోపల ఆమె పాదం ముద్ర ఇంకా ఉంది. దాని మీద వేలు పెట్టి, తీసేశాడు. తలుపు తీసి, ముక్కులు మెట్లవైపు తిప్పి, బయట పెట్టాడు.

తలుపు వేసి దాని వెనకే నిలబడ్డాడు. తలుపు మధ్యలో బయటివాళ్ళని చూసుకునే చిన్న గాజు కన్ను ఉంది. దాని దగ్గరికి వంగబోయి ఆగాడు. సంచిలోంచి కెమెరాలకి వాడే నల్ల టేపు తీసి, ఒక ముక్క చించి, ఆ గాజు మీద అంటించి, బొటనవేలితో అంచులు నొక్కాడు.

వంటింట్లోకి వెళ్ళి కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి మెట్ల మీద ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. అతని అంతస్తు దాకా వచ్చి ఆగింది. బెద్రి వెనక్కి తిరగలేదు. నీళ్ళు మరిగే హోరులో ఇంకేమీ వినపడకుండా, పొయ్యి మంట పెంచాడు.